తడి నిలిస్తేనే నేల బతుకుతుంది

మన మన్యంలో ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అయినా మార్చి వచ్చేసరికి అరకు, అనంతగిరి, హుకుంపేట కొండల మీద మిరియం తీగలు వాడిపోతుంటాయి. జూన్ నుంచి అక్టోబరు దాకా పడిన వాన నేలలో ఇంకకుండా గెడ్డల్లో పడి పోతోంది.

రైతు మిత్రులారా! మట్టి ఒట్టి ధూళి కాదు. పిడికెడు మంచి మట్టిలో కోట్లాది సూక్ష్మజీవులుంటాయి. రాలిన ఆకును, వేసిన గత్తాన్ని కుళ్ళబెట్టి పైరుకు అందించేది ఇవే. వీటికి తడీ గాలీ రెండూ కావాలి. నేల ఎండి బిగిస్తే వానపాము లోతుకు దిగి ముడుచుకుంటుంది. సూక్ష్మజీవులు కొన్ని చస్తాయి, కొన్ని నిద్రపోతాయి. నీరు నిలిచిపోయినా ముప్పే. గాలి ఆడక అల్లానికి దుంపకుళ్ళు, మిరియానికి వడలు తెగులు పడతాయి. ఒకేసారి మడి ముంచేకన్నా, కొద్దికొద్దిగా తడుపుతూ ఉండటం మేలు. మట్టిని పిడికిట్లో నొక్కితే ఉండ కట్టాలి, నీరు కారకూడదు.

కాఫీ సంగతి కొంచెం వేరు. పూతకు ముందు దానికి కొన్నాళ్ళు ఎండు కావాలి. మార్చి, ఏప్రిల్ జల్లు పడ్డాక వారం పది రోజులకు పూస్తుంది. ఆ తర్వాత మాత్రం తడి అందకపోతే పిందె నిలవదు.

నిరుడు నా రాజ్మా చెక్కలో సగానికి సిల్వర్ ఓక్ ఆకు, చోడి గడ్డి కప్పాను. సగం వదిలేశాను. రెండింటికీ ఒకే ఊట నీరు. కప్పిన చోట చేత్తో తవ్వినా వానపాములు తగిలాయి. కప్పని చోట పార దిగలేదు, గింజా సన్నంగానే వచ్చింది.

కప్పడానికి ఆకు ఉంది. పెట్టడానికి నీరేది? చాలాచోట్ల చెక్‌డ్యాములు పూడిపోయాయి. పై ఊట నుంచి పైపు వేసుకుందామంటే అడవి భూమి అని అడ్డు చెబుతారు. 2006 అటవీ హక్కుల చట్టం 3(2) సెక్షన్ చూపించండి. గ్రామసభ సిఫారసు చేస్తే చిన్న చెరువులకు, నీటి పైపులకు, చిన్న కాలువలకు ఒక్కోదానికి హెక్టారు లోపు అడవి భూమి ఇవ్వొచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. 1996 పీసా చట్టం కూడా చిన్న నీటి వనరుల ప్రణాళికను, నిర్వహణను పంచాయతీలకే అప్పగించింది.

చట్టం కాగితం మీద ఉంటే నేల తడవదు. వచ్చే గ్రామసభలో ప్రతి ఊరూ తన ఊటలు, గెడ్డలు, పూడిన చెక్‌డ్యాముల జాబితా రాసి తీర్మానం చేయాలి. ఊట పైన చెట్టు కొట్టబోమని మనమూ కట్టుబాటు పెట్టుకోవాలి. తీర్మానం నకలు సంఘానికి పంపండి. అన్నీ కలిపి ఐటీడీఏ ముందు పెడదాం. జవాబు వచ్చేదాకా కదలొద్దు.