సెల్లు తరం అని వెక్కిరించే ముందు మన బోర్ల లెక్క చెప్పుకుందాం

ఈ పోస్టు జర పొడుగైంది. ఓపిక ఉన్నోళ్లు చివరిదాకా చదవండి. కోపం వస్తే కూడా చివరిదాకా చదివి అప్పుడు తిట్టండి.

మొన్న మా ఊర్లో పది మందిమి కూర్చున్న కాడ ఒక పెద్దాయన అన్నడు: "మన తరం కష్టం జేసిన తరం. ఇప్పటోళ్లది సెల్లు తరం. బొటనవేలు తప్ప ఒంట్లె ఇంకేం కదలదు." అందరూ నవ్విన్రు. నేను కూడా నవ్విన. అక్కడే గోడకు ఆనుకొని డిగ్రీ చదివే పిల్లగాడు ఒకడు కూర్చున్నడు. మా అందరి ఫోన్లు ముందర పెట్టుకొని పీఎం కిసాన్ ఈ-కేవైసీ చేస్తున్నడు. ఒక్క రూపాయి అడగలేదు. ఆ మాట విన్నడు గానీ తల ఎత్తలేదు. పని అయినంక ఎవరి ఫోన్ వాళ్లకు ఇచ్చి లేచిండు. చాయ్ తాగి పో బిడ్డా అంటే కూడా ఆగలేదు.

ఆ రాత్రి నాకు సరిగ్గ నిద్ర పట్టలేదు. ఆయన అన్నందుకు కాదు, నేను నవ్వినందుకు.

టీవీల్లో, యూట్యూబుల్లో ఇప్పుడు తరాలకు పేర్లు పెడుతున్నరు. 1981 నుంచి 1996 మధ్య పుడితే మిలీనియల్ అట. 1997 నుంచి 2012 దాకా పుడితే జెన్ జీ అట. ఇవి అమెరికావాళ్లు వాళ్ల కోసం గీసుకున్న గీతలు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయినంక 1946 నుంచి 1964 దాకా అక్కడ పిల్లలు ఎక్కువ పుట్టిన్రు. వాళ్లకు బూమర్లు అని పేరు పెట్టిన్రు. మిగిలిన పేర్లు దాని తర్వాత వరుసగా వచ్చినయ్. వాళ్ల దేశంలో ఆ లెక్క సరిపోతదేమో. నేను 1971ల పుట్టిన. ఆ లెక్కల నేను జెన్ ఎక్స్. కానీ నేను పుట్టిన ఇంట్లె కందిలి బుడ్డి తప్ప కరెంటు లేదు. మా ఊరికి ఆ పేరు ఎట్ల అతుకుతది?

మన దగ్గర తరాన్ని పుట్టిన ఏడాదితోని కాదు, బాయిల నీళ్లు పైకి ఎట్ల వచ్చినయో దాన్ని బట్టి లెక్కపెట్టాలె.

మా తాతది మోట తరం. ఎడ్లు దిగుడు మీద ముందుకు నడిస్తే తోలు తొండం నీళ్లతోని పైకొస్తది, వెనక్కి నడిస్తే బాయిలకు దిగుతది. ఎడ్లు అలిసిపోతే పని ఆగాలె. ఆగినంతసేపు బాయి మళ్ల ఊరుతది. నేల ఇచ్చినదానికంటే ఎక్కువ గుంజుకుందామన్నా చేతగాదు. అన్నదమ్ములందరికీ ఒకటే బాయి, వంతుల ప్రకారం పారకం. మాటలు లేకున్నా, కొట్లాడుకున్నా, పూడిక తియ్యాలంటే అందరూ రావాల్సిందే. అది బంగారు కాలమని నేను అనను. ఎడ్లు లేనోనికి నీళ్లు లేవు. జీతం ఉన్న పిల్లలు తెల్లారకముందే మోట కొట్టిన్రు. కలిసి బతకడం వాళ్ల మంచితనం వల్ల మాత్రమే రాలేదు. ఆ పనిముట్టు వాళ్లను అట్ల కట్టేసి ఉంచింది.

మా నాయిన ఆయిల్ ఇంజన్ తెచ్చినప్పుడు తాత రెండు రోజులు మాట్లాడలేదట. "చెట్టు కింద కూసోని నీళ్లు పారిస్తవా, సోమరిపోతు" అన్నడట. మంచిగ వినండి. ఇప్పుడు మనం పిల్లలను అంటున్న మాటే అది.

నాది బోరు తరం. కొబ్బరికాయ చేతిల పెట్టుకొని నీళ్లు చూసేటాయన వచ్చిండు, రిగ్గు బండి వచ్చింది, నీళ్లు పైకి చిమ్మిన రోజు ఇంట్లె పండుగ చేసుకున్నం. పక్కోడు చూసి వాడొకటి వేసిండు. వాడు ఇంకా లోతుకు పోయిండని నేను ఇంకొకటి వేసిన. మొత్తం ఆరు బోర్లు వేసిన, రెండే పోసినయ్. మా వాటా బాయి ఎండిపోయింది. దాన్ని ఎండగొట్టింది ఎవరు? నా బోరు, మా పెద్దనాయిన కొడుకు బోరు. తాతలు కొట్లాడుకుంట కూడా కాపాడిన బాయిని మేము ఒక్కసారి కూడా కొట్లాడకుండనే ఎండగొట్టినం. ఎవని బోరు వానిదైనంక కొట్లాడే అవసరం ఏముంటది?

తర్వాత ఆటో స్టార్టర్ వచ్చింది. 2004ల వ్యవసాయానికి ఉచిత కరెంటు ఇచ్చిన్రు, కానీ అది విడతల విడతల వచ్చేది. నడిరాత్రి వస్తే టార్చిలైటు పట్టుకొని పోవాలె. పాము కరిచి పోయినోళ్లు, తడి చేతులతోని స్టార్టర్ ముట్టుకొని పోయినోళ్లు మనకు తెల్వనోళ్లా? అందుకే ఆటో స్టార్టర్ పెట్టుకున్నం. ప్రాణం కాపాడుకున్నం, అది తప్పు కాదు. కానీ మడి నిండి నీళ్లు బాట మీదికి పారినా ఆ మోటర్ ఆగదు. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు ఇచ్చేటప్పుడు, ఆటో స్టార్టర్లు తీసెయ్యండి, భూమిల నీళ్లు అడుగంటుతయ్ అని సర్కారే ఊరూరా చెప్పాల్సి వచ్చింది. మనల ఎంతమందిమి చెప్పంగనే తీసేసినం?

విత్తనం సంగతి కూడా అంతే. మా అమ్మ కుండల బూడిద కలిపి విత్తనాలు దాచేది. హైబ్రిడ్లతోని ఆ అలవాటు సన్నగిల్లింది. 2002ల బీటీ పత్తికి అనుమతి వచ్చినంక పత్తిల ఇంటి విత్తనం అన్న మాటే మర్చిపోయినం. పురుగుకు ఏ మందు కొట్టాలో దుకాణం సేటు చెప్పిండు, మనం కొట్టినం. డబ్బా మీద ఏం రాసి ఉందో చదవలేదు. నేను ఇంటర్ దాకా చదివిన, నేనే చదవలేదు.

ఇది మన లెక్క. కష్టం చేసినం, కాదనను. ఆ బోర్లతోనే పిల్లలను చదివించినం. కానీ నీళ్లను పాతాళానికి పంపి, ఇంటి విత్తనం పోగొట్టి, అప్పు వాళ్ల నెత్తిన పెట్టి, ఇప్పుడు మాది గొప్ప తరం, మీది సెల్లు తరం అంటే ఎట్ల?

అసలు ఆ సెల్లు వాళ్ల చేతికి అంత గట్టిగ ఎవరు అంటగట్టిన్రు? పాస్‌బుక్ వివరాలు చూడాలంటే ఆన్‌లైన్. పైసలు పడాలంటే ఆధార్ లింకు. ప్రతిదానికి ఓటీపీ. పొద్దున "ఎప్పుడూ ఫోనేనా" అని తిట్టి, పగటీలి "గిది జర చూడు బిడ్డా" అని మన ఫోన్ వాళ్ల చేతిల పెడుతున్నం. మా కొడుకు స్టార్టర్ డబ్బాల సిమ్ము పెట్టిండు. ఇంటి నుంచి ఫోన్ చేస్తే మోటర్ చాలు అయితది, మడి నిండంగనే మళ్ల ఫోన్ చేసి బందు చేస్తడు. ఆటో స్టార్టర్‌తోని నేను పారబోసిన నీళ్లను వాడు ఫోన్‌తోని ఆపుతున్నడు. ఇద్దరిల సోమరి ఎవరు?

"మరి పిల్లలు చెడిపోతలేరా?" అని అడుగుతరు. చెడిపోతున్నరు. బెట్టింగులల్ల పడి, లోన్ యాప్‌లల్ల పడి ప్రాణాలు తీసుకున్న పిల్లలున్నరు. నేను కండ్లు మూసుకోను. ఆన్‌లైన్ జూదాన్ని మన రాష్ట్రం 2017లనే నిషేధించింది, అయినా ఆగలేదు. కానీ అది ఆ తరం గుణం అంటే నేను ఒప్పుకోను. వాళ్లను వదలకుండ పట్టి ఉంచేటట్టు పైసలు పెట్టి తయారు చేసిన యంత్రం అది. బోరు వేసి వేసి అప్పుల పాలై మన తరం రైతులు ఉరి పోసుకున్నప్పుడు, వీళ్ల తరం గుణమే అంత అని ఎవరన్నా అంటే మనం ఊకున్నమా?

పనిముట్టు ఎటు పోతదో దాన్ని నడిపించేటోళ్ల చేతుల ఉంటది. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు సైట్ అని ఒక ప్రయోగం జరిగింది. మన ఆంధ్రప్రదేశ్‌తో కలిపి 6 రాష్ట్రాల్లో 2400 ఊళ్లకు ఉపగ్రహం ద్వారా టీవీ ప్రసారాలు పంపిన్రు. ఏం చూపించిన్రు? వ్యవసాయం, ఆరోగ్యం, బడి పిల్లల పాఠాలు. ఊరంతా ఒక్క టీవీ ముందు కూసున్నది. అదే టీవీ తర్వాత ఇంటింటికీ వచ్చి రోజంతా సీరియళ్లు నడిపించింది. పెట్టె అదే, ఎవరి కోసం నడిపిస్తున్నరు అన్నది మారింది.

ఇంకో మాట. ఇది మగోళ్లకు నచ్చకపోవచ్చు. తరం తరం అంటున్నం గానీ, ఒకే ఏడు పుట్టిన మొగుడు పెండ్లాలు ఒకే తరమా? నేను దున్నుడు ట్రాక్టర్‌కు ఇచ్చిన, నీళ్లు మోటర్‌కు ఇచ్చిన. మా ఆమె ఇప్పటికీ నడుము వంచి బురదల చేత్తోనే నాటేస్తది, చేత్తోనే కలుపు తీస్తది. వరి కోతకు హార్వెస్టర్ వచ్చింది. ఆడోళ్ల నడుము నొప్పి తగ్గింది, దాంతోపాటు వాళ్ల కోత కూలి కూడా పోయింది. ఆ కూలికి బదులు ఏం చేద్దామని ఏ మగోడన్నా అడిగిండా? ఇంట్లె కొత్త ఫోన్ కొంటే పాతది మా ఆమెకు పోతది. నా వల్ల కొంత, లోకం వల్ల కొంత, ఆమె నాకంటే ఒక తరం వెనక నిలబడ్డది. అమెరికా లెక్కలల్ల గానీ, మన రచ్చబండ ముచ్చట్లల్ల గానీ ఆ తరానికి పేరు లేదు.

అందుకే నేను చెప్పేది ఇది. కొత్త యంత్రం ఏదొచ్చినా, డ్రోన్ రానీ ఇంకోటి రానీ, ముందు మూడు మాటలు అడుగుదాం. దీనితోని ఎవరి కూలి పోతది? ఇది ఖరాబైతే ఊర్లె బాగు చేసేటోడు ఉన్నడా? దీనితోని మనం వాడుకునేది మనదేనా, పక్కోనిదా, రేపటి పిల్లలదా? బోరు బండి వచ్చిన రోజు మేము ఈ మూడో మాట అడిగి ఉంటే మా వాటా బాయిల ఇంకా నీళ్లుండేవేమో.

ఇంకోటి, ఇంట్లె ఆడోళ్ల చేతికి మంచి ఫోన్ ఇయ్యండి, నేర్పియ్యండి. పిల్లలను ఫోన్ పక్కన పెట్టమనే ముందు వాళ్ల పక్కన కూసోండి. వాళ్లకు మట్టి సంగతి మనం చెబుదాం, యంత్రం సంగతి వాళ్లు మనకు చెబుతరు. తిట్టుకుంట కూసుంటే వాళ్లు పట్నం పోతరు, మనం ఓటీపీ ఎవరితోని చూపించుకోవాల్నో తెల్వక ఊర్లె మిగులుతం.

ఆ పిల్లగాని ఇల్లు మా ఇంటికి నాలుగిండ్ల అవతల. రేపు పొద్దున పోతున్న. ఆ రోజు తాగకుండ పోయిన చాయ్ మా ఇంట్లె తాగమని పిలుస్త. నేను నవ్వింది తప్పని కూడా చెప్త.