డబ్బాలోని బలమెంత?

సన్నబడేందుకు ఒక పొడి, కండ పెరిగేందుకు మరొక పొడి. ఈ డబ్బాలు నేడు సరిహద్దు పల్లెలకూ చేరుతున్నాయి. కూలి డబ్బుతో కొనే కుటుంబాలు ముందుగా తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

కండ పెంచేందుకు ప్రోటీన్ పొడులు వాడవద్దని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించింది. పెద్దవారికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు, అంటే 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు సరిపోతాయి. 100 గ్రాముల కందిపప్పులోనో, ఉలవలలోనో 20 గ్రాములకు పైగా లభిస్తాయి. మిగిలినది అన్నం, పాలు, గుడ్డు, వేరుశనగ సమకూరుస్తాయి.

సన్నబరిచే మాత్రలతో పోయేది డబ్బు మాత్రమే కాదు. ఆకలిని అణచే సిబుట్రమిన్ గుండెకు హానికరమని తేలడంతో 2011లో మన దేశం దానిని నిషేధించింది. ఆ తరువాత కూడా అమెరికా అధికారుల పరీక్షలలో, మూలికల పేరిట అమ్మిన మాత్రలలో అదే మందు పలుమార్లు బయటపడింది.

లోపాన్ని గుర్తించి వైద్యుడు ఇచ్చే ఐరన్ మాత్ర అవసరమే. ప్రకటన చూసి కొనే డబ్బా కాదు. బరువును అదుపులో ఉంచేవి మితాహారం, నిత్యశ్రమ.