ఫిస్క్‌కి ఓట్లెలా పడ్డాయి?

'డేర్‌డెవిల్: బోర్న్ అగైన్' (2025) చూడనివాళ్లు ఇక్కడే ఆగండి, స్పాయిలర్లున్నాయి. సబ్‌వేలో దెబ్బలు తింటున్నవాణ్ని హెక్టర్ అయాలా కాపాడబోయాడు. కొట్టేవాళ్లు మఫ్టీ పోలీసులు! గొడవలో ఒకడు రైలు కింద పడి చనిపోయాడు. ముసుగు హీరో వైట్ టైగర్ ఇతనేనని లాయర్ మ్యాట్ కోర్టులోనే చెప్పేశాడు. జ్యూరీ వదిలేసింది. కానీ మళ్లీ ముసుగేసుకుని బయటికెళ్తే కాల్చి చంపేశారు.

అదే న్యూయార్క్ మాజీ డాన్ ఫిస్క్‌ని మేయర్‌ని చేసింది. ముసుగు హీరోల మీదకి టాస్క్‌ఫోర్స్‌ని వదిలిందీ ఆయనే. జనం మనసు ఎప్పుడు మారింది? బీబీ యూరిక్ రోడ్డు మీద మైకు పట్టుకుని అడిగే బిట్లు బాగున్నాయి, కానీ తలా రెండు ముక్కలే. 2018 సీజన్ చివర్లో ఫిస్క్ అరెస్టయ్యాడు. మేయర్ ఆలోచన మొలిచిందేమో ఇంకో షో 'ఎకో' చివర్లో! యాప్ ఒకటి, రిలీజ్ నోట్స్ ఇంకో యాప్‌లో పెట్టినట్టుంది. ఫిస్క్‌కి ఓటేసిన ఒక్క ఇంట్లోనైనా ఓ ఎపిసోడ్ నడిపుంటే బాగుండేది.