పాట యొకరిది, పేరొకరిది



ఇంట పాట వినుటకు మనమిపుడు పెద్దగా ఆలోచింపము. మీట నొక్కితిమా, పాట వచ్చును. వంట చేసికొనుచు విందుము. ఆ పాటకు వెల యెవరు చెల్లించిరి, చెల్లించినవారు మన నుండి యేమి కోరుచున్నారు అను ప్రశ్న మనకు తోచదు. ఈ ప్రశ్న మొట్టమొదట పెద్దయెత్తున పుట్టినది అమెరికా దేశమున, నూరేండ్ల క్రిందట, రేడియో బాల్యావస్థలో నున్న దినములలో. నాడు తేయాకు అంగడి పేరు, అల్లపు సోడా పేరు, టూత్‌పేస్టు పేరు పెట్టుకొన్న నృత్యవాద్య మేళములు ఆ దేశమందలి ఇండ్లను మ్రోగించినవి. ఆ కథ వినోదకరము. గృహిణులు గమనింపదగిన విషయమును అందు గలదు గనుక ఈ మాసము దానినే చెప్పదలచితిమి.

1920వ సంవత్సరము నవంబరు 2వ తేదీ రాత్రి పిట్స్‌బర్గు నగరములోని కేడీకేఏ కేంద్రము అధ్యక్షుని ఎన్నిక ఫలితములను ప్రసారము చేసెను. దాని యజమాని వెస్టింగ్‌హౌస్ కంపెనీ. రేడియో పెట్టెలు చేయువారు వారే. వినుటకేదైన నున్నగాని పెట్టె యెవరును కొనరు గదా! అందుచేత ప్రసారము ఖర్చు పెట్టెల అమ్మకము మీద పడెను. గాయకులు మొదట కీర్తి కొరకు ఊరకనే పాడిరి. కాని కొలదికాలమునకే వారు ప్రతిఫలమడుగసాగిరి. పాటల రచయితల సంఘమును మా పాట వాడుకొన్నందులకు రుసుమిండని కోరి, 1923లో న్యాయస్థానమున గెలిచెను. ఇక డబ్బెవరిత్తురు? ఇంగ్లండులో పెట్టె గలవారు లైసెన్సు రుసుము కట్టిరి. మన దేశమునను తపాలా కచేరికి పోయి రేడియో లైసెన్సు రుసుము కట్టిన కాలము పెద్దవారికి జ్ఞాపకముండును. అమెరికావారు ఆ దారి త్రొక్కలేదు.

వారి దారిని చూపినది టెలిఫోను కంపెనీ. టెలిఫోనులో మాటలాడువాడు రుసుమిచ్చును గదా; రేడియోలో మాటలాడువాడు మాత్రము ఏల ఈయరాదు? ఈ యాలోచనతో ఆ కంపెనీ న్యూయార్కులో డబ్ల్యూఈఏఎఫ్ అను కేంద్రమును పెట్టి, కాలమును అద్దెకిచ్చెదమని ప్రకటించెను. 1922 ఆగష్టు 28వ తేదీన క్వీన్స్‌బరో కార్పొరేషను అను ఇండ్ల వ్యాపార సంఘము 50 డాలర్లు చెల్లించి, నగరపు రొదకు దూరముగా జాక్సన్ హైట్సులో తాము కట్టిన ఇండ్లలో కాపురముండుట యెంత సుఖమో ఉపన్యాసము చెప్పించెను. అమెరికా రేడియోలో డబ్బిచ్చి చెప్పించిన ప్రకటనలలో దీనినే మొదటిదిగా సాధారణముగా పేర్కొందురు.

అయితే నాటి పెద్దలకు ఇది రుచింపలేదు. రేడియో వ్యవహారములు చూచుచుండిన వాణిజ్యమంత్రి హెర్బర్టు హూవరు, ఇంతటి లోకోపకార సాధనమును ప్రకటనల వదరుబోతుతనములో ముంచివేయుట తలపరానిదని ఆ 1922లోనే పలికెను. రేడియో నడుమింటి వరకు వచ్చెడి అతిథి. అతిథి వచ్చి కూర్చుండి బేరము పెట్టునా? అందుచేత కేంద్రమువారు కట్టుబాట్లు చేసిరి. వెల చెప్పరాదు, సరకు గుణములను ఏకరువు పెట్టరాదు. టూత్‌పేస్టును గూర్చి చెప్పవచ్చునా, పండ్లు తోముకొనుట వంటి సొంత సంగతి నలుగురిలో పలుకదగునా అని సైతము వారు తర్జనభర్జనలు పడిరి. నేటివారికి ఇది నవ్వు పుట్టించును. కాని ఇల్లు అంగడి కాదను ఎఱుక ఆ నవ్వువెనుక నున్నది.

గుణము చెప్పరాదు, వెల చెప్పరాదు. ఇక మిగిలినది పేరొక్కటే. వర్తకులు ఆ పేరునే పట్టుకొనిరి. మంచి మేళము నొకదానిని కుదుర్చుకొని దానికి తమ పేరు పెట్టిరి. మేళమును పిలిచిన ప్రతిసారియు కంపెనీని పిలిచినట్లే. విన్నవారు సంతోషించి కృతజ్ఞతతో ఉత్తరము వ్రాయుదురు. మరునాడు అంగడిలో ఆ పేరు కనబడిన చేయి చాచుదురు. ఇదియే వారి లెక్క.

వీనిలో మిక్కిలి పేరుపొందినది ఏ అండ్ పీ జిప్సీస్ మేళము. ఏ అండ్ పీ యనగా గ్రేట్ అట్లాంటిక్ అండ్ పసిఫిక్ టీ కంపెనీ. తేయాకుతో ఆరంభించి, దేశమంతట వేలకొలది కిరాణా దుకాణములు తెరచిన సంస్థ యది. హ్యారీ హార్లిక్ అను వయొలిను విద్వాంసుడు నాయకుడుగా, జిప్సీ వరుసల తంత్రీవాద్యములతో ఈ మేళము 1924 నుండి డబ్ల్యూఈఏఎఫ్‌లో మ్రోగెను. పప్పు బియ్యము కొను దుకాణమునకును ఊరూర సంచరించు జిప్సీలకును సంబంధమేమని యడుగకుడు. వినువారు గృహిణులు, సరకులు కొనువారును వారే.

క్లీకో క్లబ్బు కంపెనీవారు అల్లపు సోడా అమ్మెడివారు. వారి సీసామీద ఎస్కిమో బాలుని బొమ్మ యుండెడిది. కావున వారి మేళమునకు క్లీకో క్లబ్ ఎస్కిమోస్ అని పేరు. ప్రసారము మొదలగునపుడు మంచుబండి గంటలు మ్రోగును, కుక్కలు మొరుగును, పిదప బాంజో వాద్యము గలగలలాడును. సోడా బుడగలవలె మా వాద్యమును పొంగునని సూచన. వెల చెప్పలేదు, గుణము చెప్పలేదు, చెప్పవలసినదంతయు చెప్పిరి! నాయకుడు హ్యారీ రీసరు ఒహాయో రాష్ట్రమున బుట్టినవాడు. అయినను అతడును అతని తోడివారును బొచ్చుకోటులు తొడిగి ఎస్కిమోలై చిత్రములు తీయించుకొనిరి. ఇక టూత్‌పేస్టు మాట పలుకుటకే సంకోచించిన ఆ కేంద్రముననే 1925లో శామ్ లానిన్ నాయకత్వమున ఐపానా ట్రూబడోర్స్ వెలసిరి. ఐపానా యనగా టూత్‌పేస్టే. గుమ్మములో నిలువరింపబడినది పాటవెంట పెరటిత్రోవన లోనికి వచ్చెను.

మనలో ప్రబంధములు చదివినవారికి ఇది క్రొత్తగా తోపదు. కృతిభర్త యను మాట మనకు గలదు. శ్రీనాథుడు హరవిలాసమును అవచి తిప్పయసెట్టికి అంకితమిచ్చెను. ఆయన రాజు గాడు. కొండవీటి కుమారగిరిరెడ్డికి సుగంధద్రవ్యములు సమకూర్చిన వర్తకుడు. ఆయన ఓడలమీద తెప్పించిన సరకుల పట్టికయు ఆ కావ్యపు అవతారికలో నున్నది. కావున వర్తకుడు కళను పోషించుటయు, కళ వర్తకుని పేరు నిలుపుటయు తప్పని మేమనము. కాని యొక్క భేదము చూడుడు. అవతారికలో కృతిభర్త పేరున్నది, కృతికర్త పేరును ఉన్నది. నేడు హరవిలాసమనగానే శ్రీనాథుని తలతుము. పిమ్మటనే తిప్పయసెట్టిని తలతుము. అమెరికా మేళములలో కృతికర్త పేరు చెరిపివేసి ఆ చోట కృతిభర్త కూర్చుండెను.

జోసెఫ్ వైట్ అను గాయకుని సంగతి వినుడు. గుడ్రిచ్ కంపెనీవారి సిల్వర్‌టౌన్ టైర్ల పేరుగల మేళములో అతడు పాడెను. అతనికి ‘వెండి ముసుగు గాయకుడు’ అని పేరు పెట్టిరి. నలుగురిలోనికి వచ్చునపుడు నిజముగానే వెండి ముసుగు తగిలించుకొని రావలసి వచ్చెను. సిల్వర్ అనగా వెండి. టైరు పేరు గుర్తుండుటకు మనుష్యుని ముఖము కప్పవలసి వచ్చినది.

అంతకంటె మాకు మనసున నాటినది వర్జీనియా రే అను గాయని సంగతి. పామాలివ్ సబ్బు కంపెనీవారు 1927 నుండి 1931 వరకు పామాలివ్ అవర్ అను కార్యక్రమము నడపిరి. అందు ఈమెను ఆలివ్ పామర్ అని పిలిచిరి. తోడ పాడిన ఫ్రాంక్ మన్ను పాల్ ఆలివర్ అనిరి. రెండు పేర్లలోను సబ్బు పేరే దాగి యున్నది. దేశమంతయు ఆలివ్ పామర్ గానమును మెచ్చెను. వర్జీనియా రే యెవరో ఎరుగదు. పెండ్లియైన పిదప పుట్టింటి పేరు మరుగుపడుట మనకు వాడుకయే. కాని సంవత్సరముల తరబడి సాధించిన విద్యకు సబ్బు పేరు తగిలించుట వేరు. పేరు కంపెనీదియైనచో కీర్తియు కంపెనీదే. కంపెనీ ఆ పేరును మరియొకరికి తగిలించినను అడుగువారుండరు. పిదప ఆమె మరియొక కార్యక్రమమున తన సొంత పేరుతో పాడెనని తెలిసి మేము సంతోషించితిమి.

పేరు పోగొట్టుకొన్నవారు వీరైతే, ఆ పాటి పోషణకైనను నోచనివారు కొందరు గలరు. నల్లజాతి విద్వాంసుడు డ్యూక్ ఎల్లింగ్టన్ 1927 నుండి న్యూయార్కులోని కాటన్ క్లబ్బులో వాయించెను. అక్కడి నుండి వచ్చిన ప్రసారములు ఆయన కీర్తిని దేశమున వ్యాపింపజేసినవి. ఆ క్లబ్బులో వాయించువారు నల్లవారు. కూర్చుండి వినుటకు మాత్రము తెల్లవారికే ప్రవేశము. నృత్యసంగీతములో మేటి విద్య నల్లవారిదే యైనను, దేశవ్యాప్త ప్రసారములకు డబ్బిచ్చు కంపెనీలు తమ పేరును వారి ప్రక్కన నిలుపుటకు సామాన్యముగా సాహసింపలేదు. 1937లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఈస్టు కంపెనీవారి కార్యక్రమము నడపెను; అట్టి గౌరవము నల్లజాతివారికి అరుదుగానే లభించెను. కొనువారి మనసులోని దురభిమానమునకు వెరచి వర్తకుడు విద్యను తూచెను.

1926 నవంబరు 15వ తేదీన నేషనల్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ ఆరంభమై, ఒకచోటి పాట అనేక నగరములలో నొకేమారు వినబడసాగెను. 1930 జనాభా లెక్కలనాటికి నూటికి 40 కుటుంబములకు రేడియో యుండెను. వినువారు పెరిగినకొలది వర్తకుల జంకు తగ్గెను. 1928లో లక్కీ స్ట్రైక్ సిగరెట్ల కంపెనీవారు బీ. ఏ. రోల్ఫ్ మేళమును కుదుర్చుకొనిరి. శనివారము రాత్రి తివాచీ చుట్టిపెట్టి ఇంటిల్లిపాదియు ఆడదగిన వడిగల సంగీతము. అదే కాలమున ఆ కంపెనీ యెత్తిన నినాదమేమనగా, మిఠాయికి బదులు మా సిగరెట్టు చేత బట్టుడని. ఇది యెవరికి? సన్నగా నుండగోరు స్త్రీలకు! మిఠాయి వర్తకులు మొరపెట్టిరి. సిగరెట్టు త్రాగిన సన్నబడుదురను ప్రచారమును 1930లో ప్రభుత్వపు వ్యాపార సంఘము అడ్డగించెను. కాని అప్పటికే అలవాటు ఇండ్లలో ప్రవేశించినది. పొగాకు క్యాన్సరునకు హేతువని అమెరికా వైద్యాధికారి నివేదిక ప్రకటించినది 1964లో. రేడియో టెలివిజనులలో సిగరెట్టు ప్రకటనలు నిలిచిపోయినది 1971 జనవరిలో. ఆటపాటల వెంట గడప దాటి వచ్చిన దానిని మరల గడప దాటించుటకు నలువది యేండ్లకు పైబడి పట్టెను.

ఉపాధ్యాయుని ఇల్లు గనుక, కర్త యేది, కర్మ యేది యని పిల్లల నడుగుట మా యింట నిత్యము వినబడు మాట. ఈ రేడియో వాక్యమును అట్లే విడదీసి చూచితిమి. కర్త కంపెనీ, క్రియ సంగీతము. కర్మ ఇంట కూర్చున్న గృహిణి. పాడినవారికి వాక్యమున చోటే లేదు.

ఆ మేళముల కాలము ఎక్కువ దినములు సాగలేదు. 1929లో రూడీ వాలీ వంటి గాయకులు ఈస్టు కంపెనీ ఖర్చుమీదనే సొంత పేరుతో పాడి ప్రసిద్ధులైరి. 1932లో వెల చెప్పరాదను కట్టుబాటును తొలగినది. నేరుగా బేరము పెట్టుటకు వీలైనపుడు మారుపేర్లతో పనియేమి? ఏ అండ్ పీ జిప్సీలు 1936లో సెలవు దీసికొనిరి.

మన దేశమున ఆకాశవాణి చిరకాలము ప్రకటనలకు తలుపు తీయలేదు. అయినను 1952 నుండి సిలోను రేడియోలో బినాకా గీత్‌మాలా మ్రోగినది. బినాకా యనగా అదియు టూత్‌పేస్టే! 1967లో వివిధభారతియు తలుపు తీసినది. నేడు ఫోనులో పాట వినువారికి పాటకు పాటకు నడుమ ప్రకటన తప్పుటలేదు. ఊరక వచ్చిన పాట యేనాడును లేదు.

వర్తకుని ధనము సంగీతమునకు చేటని మా యభిప్రాయము గాదు. ఆ ధనమే లేనిచో దూరపు పల్లెలోని గృహిణికి వయొలిను నాదము వినబడి యుండదు. పాట విందము, ఆనందింతము. కాని పాటను మెచ్చుట వేరు, దానివెంట వచ్చిన సరకును మెచ్చుట వేరు. ఆ రెండింటి నడుమ గీత గీయవలసినది ఇంటి పద్దు వ్రాయు మనమే. మరియొక చిన్నపని గలదు. ఇంట మంచి పాట విన్నపుడు, పాడినదెవరు, వ్రాసినదెవరు అని పిల్లల నడుగుడు. తెలియకున్న వెదకి చెప్పింపుడు. సబ్బు పేరు ఎవరును నేర్పకయే వారికి వచ్చును. గాయని పేరు మాత్రము మనము నేర్పవలసినదే.