కోర్టు మర్యాదంటే తలూపడం కాదు

తిరుత్తణి, తిరువళ్లూరు కోర్టుల దగ్గర వాయిదా రోజున తెలుగు మాట వినబడకుండా ఉండదు. పళ్లిపట్టు, ఆర్‌కే పేట, ఊత్తుకోట, గుమ్మిడిపూండి వైపు పల్లెల నుంచి వచ్చినవాళ్లుంటారు. గట్టు తగాదా కోసమో, చెక్కు కేసులో సాక్ష్యానికో నగరి, సత్యవేడు వైపు నుంచి బస్సెక్కి వచ్చినవాళ్లూ ఉంటారు. చెట్టు కింద ప్లీడరు గుమాస్తాతో గంట సేపు వాదించిన మనిషి హాలు గడప దాటగానే మారిపోతాడు. జడ్జి ఏమడిగినా తలూపుతాడు. ‘ఆమా సామీ’ అంటాడు. బయటికొచ్చాక పక్కనున్నవాణ్ణి మెల్లగా అడుగుతాడు: ‘అయ్య ఏమడిగినారన్నా?’

ఇదే మర్యాద అని చాలామంది నమ్మకం. పెద్దల ముందు ఎదురు చెప్పకూడదు, అర్థం కాకపోయినా ఒప్పుకోవాలి అనుకుంటారు. కోర్టుకు ఒక మర్యాద ఉంది, దాన్ని పాటించి తీరాల్సిందే. అయితే అది ఇది కాదు.

పాటించాల్సినవి అంత కష్టమైనవేమీ కావు. జడ్జి వచ్చేటప్పుడు, లేచి వెళ్లేటప్పుడు నిలబడాలి. ఎగ్గట్టిన లుంగీ దించుకోవాలి. నోట్లో ఆకూవక్కా ఉంటే బయటే వదిలేయాలి. సెల్‌ఫోన్ ఆపేయాలి, అనుమతి లేకుండా హాల్లో ఫొటో తీయడం, మాటలు రికార్డు చేయడం అసలు కూడదు. బోనులో ఉన్న సాక్షికి కనుసైగలు చేయకూడదు. ఎదుటి పార్టీ పచ్చి అబద్ధం చెబుతున్నా మధ్యలో అరవకూడదు, ఆ సంగతి క్రాస్‌లో ప్లీడరు చూసుకుంటారు. విచారణ నడుస్తుండగా కావాలని జడ్జిని అవమానించినా, పనికి అడ్డు తగిలినా భారతీయ న్యాయ సంహిత 267వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా సాధారణ జైలు గానీ, 5 వేల రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు.

ఇక అవసరం లేనివి. గడప దగ్గర చెప్పులు విప్పడం, భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకోవడం, జడ్జి కాళ్ల మీద పడబోవడం ఏ చట్టంలోనూ లేవు. ఊళ్లో పెద్ద కులాల వీధుల్లో ఒకప్పుడు బలవంతంగా నడిపించిన పద్ధతులవి. వాటిని కోర్టు హాల్లోకి మోసుకుపోవాల్సిన పని లేదు. గీత మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేయడం కూడా సినిమా సంగతే. 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం దేవుడి పేరు మీద ప్రమాణం చేయవచ్చు. దేవుణ్ణి మధ్యలోకి తేవడం ఇష్టం లేనివాళ్లు నిజమే చెబుతానని మాటిస్తే చాలు.

జడ్జిని ఏమని పిలవాలన్నది మరో భయం. ప్లీడర్లకే ఆ గోల తప్పలేదు. కింది కోర్టుల్లో ‘సర్’ అన్నా, ప్రాంతీయ భాషలో దానికి సరిపోయే మాట అన్నా చాలునని 2006లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమం తెచ్చింది. మద్రాసు హైకోర్టులో జస్టిస్ కె.చంద్రు 2009లో తనను ‘మై లార్డ్’ అనవద్దని లాయర్లకు చెప్పారు. పల్లెటూరి మనిషికి ఇంగ్లిష్ ఎందుకు? ‘అయ్యా’, ‘అమ్మా’ అంటే సరి. ఆ రెండు మాటలూ తమిళంలోనూ అవే, తెలుగులోనూ అవే.

చిక్కంతా మిగతా మాటలతోనే. తమిళనాడు కోర్టులో తమిళం నడవడంలో తప్పేమీ లేదు. రాష్ట్ర అధికార భాషా చట్టానికి 1976లో చేసిన సవరణతో కింది కోర్టుల్లో సాక్ష్యాలు, తీర్పులు తమిళంలో సాగే వీలు వచ్చింది. తమ కేసు తమ భాషలో వినే భాగ్యం తమిళ రైతుకు దక్కడం మంచిదే. ఇక్కడి తెలుగువాళ్లలో చాలామందికి తమిళం వచ్చు కూడా. కానీ సంతలో బేరానికి సరిపడే తమిళం వేరు, బోనులో నిలబడి చెప్పే తమిళం వేరు. ముసలివాళ్ల సంగతి, నగరి వైపు నుంచి కోడలిగా వచ్చిన ఆడపిల్ల సంగతి, అటునుంచి సాక్ష్యానికి వచ్చినవాళ్ల సంగతి ఇంకా వేరు.

ఒక్క మాట చాలు చూడటానికి: నేరం. తమిళంలో నేరం అంటే సమయం. ‘అంద నేరత్తిల నీ ఎంగ ఇరుందే?’ అంటే ఆ టైములో నువ్వు ఎక్కడున్నావని. తమిళం అంతంత మాత్రంగా తెలిసిన తెలుగు సాక్షి చెవిలో మాత్రం ‘నేరం’ అన్న మాటే గంటలా మోగుతుంది. నేరం తన మీదికి తోస్తున్నారేమోనని కంగారు పడతాడు. ‘నాకేం తెలీదు సామీ’ అనేస్తాడు. తెలిసిన సాక్షి అట్లా తెలియని సాక్షి అయిపోతాడు. ‘కేట్టేన్’ అంటే తమిళంలో విన్నాననీ కావచ్చు, అడిగాననీ కావచ్చు. సాక్ష్యంలో ఆ రెండింటికీ ఎంత తేడా! భూమి కేసులో ‘అవర్ ఉంగ సొందక్కారరా?’ అని అడిగితే, ఆయన మీ చుట్టమా అన్నది ప్రశ్న. సొంతదారుడా అని అడిగారనుకుని ‘ఆమా’ అంటే, చుట్టరికం ఒప్పుకున్నట్టు రాసుకుంటారు. ఇంట్లో చెప్పుకుంటే నవ్వొచ్చే తేడాలే ఇవి. బోనులో అయితే ఎకరాలు చేతులు మారతాయి.

తలూపడం ప్రమాదమనేది అందుకే. కోర్టు కాగితం మీద తల ఊపు కనబడదు. ‘అవును’ అన్న మాటే కనబడుతుంది. అప్పీలుకు పోయినా పై కోర్టు చూసేది ఆ కాగితాన్నే.

చట్టం ఈ సంగతి ఎప్పుడో ఆలోచించింది. ముద్దాయికి అర్థం కాని భాషలో సాక్ష్యం నడిస్తే, అతనికి అర్థమయ్యే భాషలో బహిరంగ కోర్టులోనే తర్జుమా చేసి చెప్పాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 279వ సెక్షన్ అంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అదే 314వ సెక్షన్. సాక్షి కోర్టు భాష కాక మరో భాషలో చెబితే, వీలున్నచోట ఆ భాషలోనే రాసుకోవచ్చు, వీలు కాకపోతే కోర్టు భాషలోకి నిజమైన తర్జుమా తయారు చేయాలి (312). సాక్ష్యం ముగిశాక చదివి వినిపించాలి, సాక్షి అది తప్పంటే జడ్జి సరిదిద్దవచ్చు లేదా అతని అభ్యంతరాన్ని నమోదు చేయవచ్చు. రాసిన భాష సాక్షికి రాకపోతే ఆ కాగితాన్నీ తర్జుమా చేసి చెప్పాలి (313). తర్జుమా చేసేవారు నిజంగా ఉన్నదున్నట్టు చెప్పడానికి కట్టుబడాలి (317), వాళ్లూ ప్రమాణం చేయాలి. ఇవన్నీ జడ్జి దయ మీద దొరికేవి కావు.

అడగాలి, అంతే. ‘అయ్యా, నాకు తమిళం సరిగా రాదు, తెలుగులో చెప్పించండి’ అని చేతులు కట్టుకోకుండా, గొంతు పెంచకుండా అంటే అది ధిక్కారం కాదు. కేసు మొదట్లోనే ప్లీడరుతో చెప్పి కోర్టును కోరితే ఇంకా మంచిది. వాయిదాకో రెండొందలు ఖర్చవుతున్నప్పుడు తర్జుమా కోసం మరో వాయిదా పడుతుందేమోనన్న బెంగ సహజం. ఒక వాయిదా పోయినా ఫరవాలేదు, పొలం పోతే తిరిగి రాదు.

కోర్టు వైపు నుంచీ మర్యాద ఉండాలి. తెలుగు వచ్చినవాళ్లు ఎవరన్నా ఉన్నారా అని హాల్లోకి కేకేసి, దొరికిన కానిస్టేబుల్‌నో, అవతలి పార్టీ గుమాస్తానో నిలబెట్టి తర్జుమా చేయించడం ఎక్కడ జరిగినా సరికాదు. కేసు పెట్టినవాళ్ల మనిషే ముద్దాయి మాటను మోసుకుపోతే ఆ మాట దారిలో వంకర పోదని ఎవరు పూచీ? సంబంధం లేని మనిషిని, ప్రమాణం చేయించి పెట్టాలి. బోనులో తడబడే ముసలాయన్ని విసుక్కోవడానికి ముందు, 2009 ఫిబ్రవరి 17న మద్రాసు హైకోర్టు హాల్లోనే సుబ్రమణ్యస్వామి మీద కోడిగుడ్లు పడిన సంగతి గుర్తు చేసుకోవచ్చు. అక్కడ మర్యాద మరిచింది లుంగీ కట్టినవాళ్లు కాదు.

పేరు పిలిచేటప్పుడు ఇంకో గండం. తమిళ లిపిలో క, గలకు ఒకటే అక్షరం, ప, బలకు ఒకటే. గోవిందమ్మ కోవిందమ్మాళ్ కావచ్చు, భాగ్యమ్మ పాక్కియమ్మాళ్ కావచ్చు. పైగా తెలుగువాళ్లు ఇంటిపేరు రాస్తారు, ఇక్కడ తండ్రి పేరు ఇనీషియల్‌గా పెడతారు. వరండాలో కూర్చున్న మనిషి తన పేరే గుర్తుపట్టకపోతే, దావా వేసినవాడిదైతే దావా కొట్టేస్తారు, ప్రతివాదైతే ఎక్స్‌పార్టీ, ముద్దాయైతే వారంటు. కాగితాల్లో తన పేరు ఎట్లా రాశారో ముందే గుమాస్తాతో చదివించుకుని, పిలిచేటప్పుడు తలుపుకు దగ్గరగా ఉండాలి.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. గీత మారింది, పెట్టెల్లో తెలుగు దస్తావేజులు అట్లాగే ఉన్నాయి. అవి కోర్టుకు చేరినప్పుడు వాటి తర్జుమానూ తెలుగు చదవగలిగినవాళ్లతో సరిచూపించుకోవాలి.

ఈ బాధ ఒక వైపుదే కాదు. 2013 డిసెంబరులో శేషాచలం అడవిలో ఇద్దరు అటవీ అధికారుల హత్య కేసులో వందల మంది తమిళ కూలీలను పట్టుకున్నారు. చాలామంది రెండేళ్లకు పైగా జైల్లో ఉన్నాక, 2016లో తిరుపతి కోర్టు కేసు కొట్టేసింది. ఆ కూలీలు తమది కాని భాష నడిచే చోట ముద్దాయిలుగా నిలబడ్డారు. పుత్తూరులో తమిళుడికి దక్కాల్సింది, తిరుత్తణిలో తెలుగువాడికి దక్కాల్సింది ఒకటే.

ప్లీడరును పెట్టుకునే స్తోమత లేనివాళ్లు తిరువళ్లూరు జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగవచ్చు. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత సాయం అందుతుంది. ఫోన్ నంబరు 15100. అక్కడా మొదట చెప్పాల్సిన మాట తెలుగు వచ్చిన లాయరు కావాలనే.