మన అక్షరాన్ని బాగుచేసుకొనే హక్కు

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ప్రపంచమంతటా వార్త అయింది. 'జ్ఞా' అనే సంయుక్తాక్షరాన్ని ఒక ప్రత్యేకమైన క్రమంలో, అంటే జకారం, దానికి ఞకారపు వత్తు, ఆపైన కంటికి కనబడని ఒక విభాజక సంకేతం, చివర దీర్ఘం వచ్చేటట్లు పంపితే, ఆపిల్ సంస్థ ఫోన్లలో దానిని చూపబోయిన అప్లికేషన్ కుప్పకూలేది. మళ్లీ తెరిస్తే మళ్లీ కూలేది. ఇంగ్లీషు పత్రికలు దానికి 'తెలుగు బగ్' అని పేరు పెట్టాయి. దోషం తెలుగు అక్షరానిది కాదు. దానిని తెరమీద గీసే ప్రోగ్రాముది. అయినా పేరు మనకు వచ్చింది. ఆ నెల 19న ఆపిల్ సంస్థ 11.2.6 అనే సవరణను విడుదల చేసేవరకు అందరూ వేచి ఉండవలసి వచ్చింది. 2011 జనగణన ప్రకారం ఈ దేశంలో తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల 11 లక్షల మంది. వారిలో ఎంత గొప్ప ఇంజనీరు అయినా ఆ దోషాన్ని తన చేతులతో సరిదిద్దే వీలు లేదు. ఆ ప్రోగ్రాము మూలరచన మూసి ఉన్నది.

నేను కంప్యూటరు ఇంజనీరును కాను. తీరిక వేళల్లో పాత యంత్రాలను విప్పి చూడడం, కొత్త ప్రోగ్రాములు ఎక్కించి పరీక్షించడం, ఈ రంగంలోని వార్తలను చదవడం నా అభిరుచి. ఇన్నేళ్ల అభిరుచిలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటే. సాఫ్ట్‌వేరు మూలరచన తెరిచి ఉండడమా, మూసి ఉండడమా అన్నది నిపుణుల మధ్య తగవుగా మాత్రమే మనం చూడకూడదు. తన రాష్ట్రంలో తన భాషకు ప్రభుత్వ అండ లేనివాడికి అది నుడి హక్కుకు సంబంధించిన ప్రశ్న.

స్వేచ్ఛ వేరు, ఉచితం వేరు

1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అమెరికాలో గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌ను స్థాపించాడు. ఒక ప్రోగ్రామును ఏ పనికైనా వాడుకొనే స్వేచ్ఛ, అది ఎలా పనిచేస్తున్నదో చదివి మార్చుకొనే స్వేచ్ఛ, ఇతరులకు పంచే స్వేచ్ఛ, మార్చినదానిని కూడా పంచే స్వేచ్ఛ - ఈ నాలుగూ ఉన్నదే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు అని అతని నిర్వచనం. 1989లో వచ్చిన జీపీఎల్ లైసెన్సు ఈ స్వేచ్ఛలకు చట్టపరమైన కాపలా పెట్టింది: ఈ ప్రోగ్రామును తీసుకొని మార్చి పంచేవాడు తన మార్పులను కూడా అవే షరతులతో ఇవ్వవలసిందే. 1991లో ఫిన్లాండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ రాయడం మొదలుపెట్టిన లినక్స్, మరుసటి ఏడాది ఈ లైసెన్సు కిందికే వచ్చింది. 'ఓపెన్ సోర్స్' అన్న మాట 1998లో పుట్టింది.

ఇంగ్లీషులో 'ఫ్రీ' అన్న ఒక్క మాటకు రెండు అర్థాలు. అందువల్ల స్టాల్‌మన్ జీవితమంతా ఆ తేడాను వివరిస్తూనే ఉండవలసి వచ్చింది. తెలుగులో ఆ తిప్పలు లేవు. మనకు 'ఉచితం' ఒక మాట, 'స్వేచ్ఛ' మరొక మాట. ఫోనులో డబ్బు అడగకుండా దొరికే అప్లికేషన్లలో చాలావరకు ఉచితమైనవే తప్ప స్వేచ్ఛ గలవి కావు. వాటిని పెట్టినవాడు రేపు తెలుగును తొలగిస్తే అడిగే దారి లేదు.

ఈనాడు లినక్స్ ఒక మూలన ఉన్న వింత వస్తువు కాదు. మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోను గుండెకాయ లినక్సే. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని అత్యంత శక్తిమంతమైన 500 సూపర్ కంప్యూటర్ల పట్టికలో ప్రతి ఒక్కటీ లినక్స్ మీదనే నడుస్తున్నది.

తెలుగుకు జరిగిన మేలు

యూనికోడ్ మొదటి కూర్పులో, 1991లోనే, తెలుగుకు చోటు దక్కింది. కాని ఆ తరువాత చాలాకాలం మన ముద్రణాలయాలు, పత్రికలు ఎవరి సొంత సంకేతాలు వారు వాడుకొన్నాయి. ఒక కంపెనీ ఖతితో కూర్చిన పుటను మరొక చోట తెరిస్తే అర్థంలేని గుర్తులు కనబడేవి. అలా కూర్చిన వేల పుటల తెలుగు ఇప్పటికీ వెతకడానికి లొంగకుండా పాత డిస్కుల్లో పడి ఉన్నది.

ఆ గోడలను పగలగొట్టినవారు ఎక్కువగా జీతం లేని ఉత్సాహవంతులు. వెన్న నాగార్జున 'పద్మ' అనే ఉపకరణాన్ని రాసి, ఆ సొంత సంకేతాలను యూనికోడ్‌లోకి మార్చే దారి చూపాడు. దాని మూలరచనను అందరికీ తెరిచి ఉంచాడు. తెరిచి ఉంచినందువల్లనే మరొకరు దానిని ఆధారం చేసుకొని 'లేఖిని'ని తయారుచేయగలిగారు. ఇంగ్లీషు అక్షరాల మీటలతో తెలుగు రాయడం ఎందరికో అక్కడే అలవాటైంది. తిరుమల కృష్ణ దేశికాచారి 'పోతన', 'వేమన' ఖతులను రూపొందించి అందరికీ ఇచ్చాడు. ఇటీవలి దశకంలో మండలి, గిడుగు, సూరన్న, ధూర్జటి, రామభద్ర వంటి ఖతులు స్వేచ్ఛా లైసెన్సుతో వచ్చాయి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఇప్పుడు లక్షకు పైగా వ్యాసాలున్నాయి. వత్తులను, గుణింతాలను సరైన చోట కూర్చే 'హార్ఫ్‌బజ్' అనే స్వేచ్ఛా ప్రోగ్రాము ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్, లిబ్రె ఆఫీసులన్నిటిలోను పనిచేస్తున్నది. దానిలో ఒక వత్తు తప్పుగా పడితే ఎవరైనా తప్పును చూపవచ్చు, దిద్దిపంపవచ్చు. 'జ్ఞా' కథకు, దీనికి తేడా అదే.

ఎల్లల ఆవల ఉన్నవారికి ఇది ఎందుకు?

తెలుగు రాష్ట్రాలు రెండింటిలోను తెలుగుకు ప్రభుత్వ ఉత్తర్వులున్నాయి, అంగడి ఉన్నది. హోసూరులో, కృష్ణగిరిలో, కోలారులో, బళ్లారిలో, పర్లాకిమిడిలో, రాయగడలో, సోలాపురంలో, నాందేడులో ఉన్నవారికి ఆ రెండూ లేవు. అక్కడి ప్రభుత్వ యంత్రాంగం తన భాషలో పనిచేస్తుంది, అది సహజం. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత, తెలుగు మాధ్యమంలో చదివే పిల్లలు తరగతి తరువాత తరగతిగా తమిళాన్ని మొదటి భాషగా తీసుకోవలసి వచ్చింది. బడిలో తెలుగు తగ్గినకొద్దీ, పిల్లవాడి కంటికి తెలుగు అక్షరం కనబడే చోటు చేతిలోని ఫోను ఒక్కటే అవుతున్నది. ఆ ఫోనులో తెలుగు ఉండాలా వద్దా అన్నది ఎవరు నిర్ణయిస్తారు? లాభం లెక్కలు చూసుకొనే కంపెనీ నిర్ణయిస్తే, పొరుగు రాష్ట్రాల తెలుగువారు దాని లెక్కలోకి రారు.

తుళువారిని చూడండి. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో తుళుకు చోటు లేదు. అయినా 2016 ఆగస్టులో తుళు వికీపీడియా ప్రారంభమైంది. వికీపీడియాను నడిపే మీడియావికీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు కావడం వల్ల, ఏ అంగడి లెక్కకూ అందని భాష కూడా తన ఇల్లు తాను కట్టుకోగలిగింది. 2024 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 16వ కూర్పులో తుళు-తిగళారి లిపికి స్థానం లభించింది. కోరే మనుషులు, ఓపికగా కూర్చొని పనిచేసే మనుషులు ఉంటే చిన్న సమూహానికీ ఈ దారి తెరిచి ఉన్నది.

ఇప్పుడు మరొక అవసరం ముందుకొచ్చింది. మాటను అక్షరంగా మార్చే యంత్రాలు, అనువదించే యంత్రాలు ఇంటింటికీ వస్తున్నాయి. 2022 జూలైలో కేంద్రప్రభుత్వం 'భాషిణి'ని ప్రారంభించింది. మద్రాసు ఐఐటీలోని ఏఐ4భారత్ బృందం 2023లో, షెడ్యూలులోని 22 భాషల మధ్య అనువదించే ఇండిక్‌ట్రాన్స్2ను మూలరచనతో సహా బయటపెట్టింది. మంచిదే. అయితే ఈ యంత్రాలకు తాము విన్న తెలుగే తెలుగు. 'వస్తా ఉండాడు' అనే దక్షిణపు ఎల్లల మాటను, 'బేగి రా' అనే ఒడిశా అంచు మాటను ఎవరూ వినిపించకపోతే యంత్రం వాటిని తప్పుగా రాస్తుంది. నాలుగైదుసార్లు తప్పు రాసిన యంత్రం ముందు మన అవ్వ నోరు మూసుకుంటుంది. మనవడు ఇంగ్లీషులోకి మారుతాడు. బడి చేయలేని నష్టాన్ని ఫోను చేస్తుంది. నమూనాలు తెరిచి ఉంటేనే మన నుడిని వాటికి మనమే నేర్పగలం.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. 'ఓపెన్' అని పేరు పెట్టుకొన్న ప్రతి కృత్రిమ మేధ తెరిచి ఉన్నది కాదు. తయారైన నమూనాను దింపుకోనిస్తూ, దానికి ఏ పాఠాలు నేర్పారో చెప్పనివే ఎక్కువ. అందువల్లనే ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ 2024 అక్టోబరులో ఓపెన్ సోర్స్ కృత్రిమ మేధకు ఒక నిర్వచనాన్ని ప్రకటించింది. పేరుపలకను నమ్మకుండా లైసెన్సు చదవడం మనమూ అలవాటు చేసుకోవాలి.

ఉమ్మడి చెరువు, పూడిక

స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులో లోపాలు లేవని నేను చెప్పను. అది ఊరుమ్మడి చెరువు వంటిది. నీళ్లు అందరూ తోడుకొంటారు. పూడిక తీయడానికి ఇద్దరు ముగ్గురే దిగుతారు. లినక్స్ యంత్రాలలో ఫైళ్లను కుదించే 'ఎక్స్‌జెడ్' అనే చిన్న ప్రోగ్రామును ఏళ్లతరబడి దాదాపు ఒక్క మనిషే చూసుకొన్నాడు. జియా టాన్ అనే పేరుతో ఒక అజ్ఞాత వ్యక్తి సాయం చేస్తున్నట్లు వచ్చి, రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి, 2024లో అందులో దొంగదారి పెట్టాడు. ఆ ఏడాది మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు దానిని బయటపెట్టాడు. లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పట్టడమే అతనికి అనుమానం కలిగించింది. మూలరచన తెరిచి ఉన్నందువల్ల అతను తవ్విచూడగలిగాడు. పూడిక తీసేవారు తక్కువైనందువల్ల దొంగ రాగలిగాడు. రెండూ నిజమే.

మూసిన తలుపుల వెనుక ప్రమాదం లేదనుకోవడమూ పొరపాటే. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన సవరణ వల్ల దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు ఆగిపోయాయి. మన దేశపు విమానాశ్రయాలలో ప్రయాణపత్రాలు చేతితో రాసి ఇచ్చారు. ఒకే కంపెనీ మీద అందరూ ఆధారపడితే జరిగేది అదే.

చేయవలసిన పనులు

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కోరే భద్రతా చిప్పు చాలా పాత యంత్రాల్లో లేదు. అలాంటి యంత్రాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చే ముందు దానిలో లినక్స్ మింట్ గాని, డెబియన్ గాని ఎక్కించి చూడండి. ఇన్‌స్క్రిప్ట్ తెలుగు మీటల అమరిక అందులోనే ఉంటుంది. ముఖ్యమైన ఫైళ్లను ముందుగా వేరే చోట భద్రపరచుకోవడం మరవద్దు. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో 2001లో ఆరంభమైన ఐటీ@స్కూల్ పథకం స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు వైపు మళ్లి, పిల్లలకు మలయాళంలోనే కంప్యూటరు నేర్పింది. మన తెలుగు బడుల ఉపాధ్యాయులు అధికారులకు ఇచ్చే విన్నపాలలో ఈ ఉదాహరణను చేర్చాలి.

ఇంట్లో పెద్దవారి మాటలను రికార్డు చేయండి. మోజిల్లా సంస్థ 2017లో మొదలుపెట్టిన కామన్ వాయిస్ ఎవరైనా వాడుకోదగిన కంఠాల సేకరణ. తెలుగుకు అందులో చోటున్నది. వారి అనుమతి అడిగి, ఊరి పేరు, మాటకు అర్థం రాసి ఉంచండి. మీ ఊరి చరిత్ర, గుడి, చెరువు, పంటల గురించి తెలుగు వికీపీడియాలో ఆధారాలతో రాయండి.

ఫైర్‌ఫాక్స్, లిబ్రె ఆఫీసులకు తెలుగు రూపాలున్నాయి. వాటిలో అనువదించవలసినవి, దిద్దవలసినవి ఇంకా మిగిలి ఉన్నాయి. చదువుకొంటున్న యువకులు వారానికి ఒక గంట ఆ పనికి ఇస్తే చాలు. కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ కూడా తెలిసిన మన పిల్లలకు ఈ పనిలో ఒక మేలు ఉన్నది: పొరుగు భాషవారు అదే మాటను ఎలా అనువదించారో వారు చూడగలరు.

చిన్న పత్రికలు నడిపేవారికి ఒక మాట. పుటలు కూర్చే స్క్రైబస్ అనే స్వేచ్ఛా ప్రోగ్రాము 1.6 కూర్పు 2024 జనవరిలో వచ్చింది; భారతీయ లిపులను అది సరిగా కూర్చగలదు. ఇకమీదట కూర్చే ప్రతి పుటను యూనికోడ్‌లోనే కూర్చండి. మన మనవలు వెతికితే దొరికే తెలుగు అదే.

బడి కావాలని, ఉపాధ్యాయుడు కావాలని, పాఠ్యపుస్తకం కావాలని ప్రభుత్వాలను అడగవలసిందే, అడుగుతూనే ఉండవలసిందే. ఆ విన్నపాలకు జవాబు ఎప్పుడు వస్తుందో మన చేతిలో లేదు. ఈ పనికి ఎవరి అనుమతీ అక్కరలేదు. చెరువు ఉమ్మడిది, గట్టు మీద మనమూ ఉన్నాం. పార పట్టుకొని దిగడమే మిగిలి ఉన్నది.