ఆరు కుర్చీల కోసం ఆరాటం

1980లలో కెనడాలోని అల్బర్టా ప్రావిన్సులో బర్ట్ బ్రౌన్ అనే రైతు పొరుగాయన బార్లీ చేలో పైనుంచి చూస్తే చదవగలిగేటంత పెద్ద అక్షరాలు దున్నాడు. 'ట్రిపుల్ ఇ సెనేట్' ఇస్తారా, లేక మా దారి మేం చూసుకోమంటారా అని రాజధాని ఒట్టావా పెద్దలకు హెచ్చరిక. సెనేటర్లను జనమే ఎన్నుకోవాలి, అన్ని రాష్ట్రాలకూ సమానంగా సీట్లుండాలి, ఆ సభ మాటకు విలువ ఉండాలి అన్న మూడు కోరికలకు అక్కడివాళ్ళు పెట్టుకున్న పొట్టి పేరు అది. చమురు ధర మీద, చమురు రాబడి మీద కేంద్రానికి పట్టు పెంచుతూ 1980లో పియెర్ ట్రూడో ప్రభుత్వం తెచ్చిన జాతీయ ఇంధన విధానం అల్బర్టాను మండించింది. రాష్ట్రాల గొంతు వినిపించాల్సిన పెద్దల సభ ఆ రోజున వాళ్ళ అక్కరకు రాలేదు.

రాకపోవడంలో వింతేమీ లేదు. కెనడా సెనేట్‌లో 105 సీట్లు. ఒక్కదానికీ ఎన్నిక లేదు. ప్రధాని పేరు చెబుతాడు, గవర్నర్ జనరల్ నియమిస్తాడు. ముప్ఫై ఏళ్ళు నిండి ఉండాలి, ఏ రాష్ట్రం తరఫున కూర్చుంటారో ఆ రాష్ట్రంలో నివాసముండాలి, అక్కడే నాలుగువేల డాలర్ల విలువైన స్థిరాస్తి ఉండాలి. ఈ నాలుగువేల లెక్క 1867 నాటిది, ఇంతవరకూ పెంచలేదు. ఈ రోజుల్లో కాల్గరీలో ఆ డబ్బుకు కారు నిలుపుకునే చోటైనా దొరుకుతుందో లేదో. ఒకసారి కూర్చుంటే డెబ్బై ఐదేళ్ళు వచ్చేదాకా లేపేవారుండరు. 1965కు ముందైతే అదీ లేదు, జీవితాంతం సెనేటరే.

ప్రధాని ఎవరిని పంపితే వాళ్ళే మా ప్రతినిధులా అని అడిగి ఊరుకోకుండా, అల్బర్టా 1989లో సొంతంగా చట్టం చేసుకుని సెనేట్ అభ్యర్థులకు ఎన్నిక పెట్టింది. రిటైరైన జనరల్ స్టాన్ వాటర్స్ గెలిచాడు. ప్రధాని మల్రూనీ నెలల తరబడి నానబెట్టి చివరికి 1990లో ఆయన్ను నియమించాడు. మరుసటేడే వాటర్స్ చనిపోయాడు. చేను దున్నిన బ్రౌన్ కూడా ఇలాంటి ఎన్నికల్లోనే గెలిచి, 2007లో అప్పటి ప్రధాని హార్పర్ నియామకంతో సెనేటరయ్యాడు. ఆ తర్వాత మరో ముగ్గురు. మొత్తం ఐదుగురినీ కన్సర్వేటివ్ ప్రధానులే నియమించారు. లిబరల్ ప్రధానులు ఆ ఫలితాల వంక కన్నెత్తి చూడలేదు. 2021 అక్టోబర్ 18న అల్బర్టా మళ్ళీ ఓటేసి ముగ్గురిని ఎంచుకుంది. 2024 ఆగస్టులో రెండు ఖాళీలు నింపుతూ అప్పటి ప్రధాని జస్టిన్ ట్రూడో ఆ ముగ్గుర్నీ పక్కనపెట్టి వేరే ఇద్దరిని నియమించాడు. రాష్ట్ర ప్రీమియర్ డేనియెల్ స్మిత్ మండిపడ్డారు. ఆ కోపం న్యాయమైనదే. లక్షలమంది ఓటేసి చెప్పిన పేర్లను చూడనట్టు నటించిన ఆ ప్రధాని, అక్కడి సమాఖ్య మీద విశ్వాసాన్ని తన చేత్తోనే కరిగించాడు.

(అక్టోబర్ 18 అల్బర్టాకు మరో విధంగానూ గుర్తు. 1929లో సరిగ్గా ఆ రోజునే లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్, సెనేట్‌కు స్త్రీలూ అర్హులేనని తీర్పిచ్చింది. కాదని అంతకు ముందు ఏడాది కెనడా సుప్రీంకోర్టు చెప్పిందాన్ని కొట్టేసింది. ఆ కేసు నడిపిన ఐదుగురు మహిళలూ అల్బర్టావాళ్ళే. వాళ్ళకు ముందు నిలిచిన ఎమిలీ మర్ఫీ 1933లో కన్నుమూసింది, సెనేటర్ కాకుండానే. సెనేట్‌కు వేయడానికి ఆనాడు ఎవరికీ ఓటైనా లేదు, ప్రధాని మనసులో చోటూ లేదు.)

కోపం న్యాయమైనదే కానీ, మందు మాత్రం జబ్బుకు తగింది కాదంటాను. అల్బర్టాకు సెనేట్‌లో ఉన్నవి ఆరు సీట్లు. 1915లో పడమటి నాలుగు రాష్ట్రాలకూ కలిపి 24 అని ఖాయం చేసినప్పుడు వచ్చిన లెక్క అది. 2021 జనగణన ప్రకారం ఆ నాలుగింటిలో 1 కోటి 17 లక్షల మంది ఉన్నారు. తూర్పు తీరాన అట్లాంటిక్ రాష్ట్రాలు నాలుగింటిలో కలిపి 24 లక్షల మంది. వాళ్ళకు 30 సీట్లు. 42 లక్షలు దాటిన అల్బర్టాకు ఆరైతే, ఎనిమిది లక్షలకు కూడా చేరని న్యూబ్రన్స్‌విక్‌కు పది. లక్షా యాభై నాలుగువేలున్న ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపానికి నాలుగు.

ఇంత వంకర లెక్క ఉన్నా ఇన్నాళ్ళూ దేశం మునిగిపోలేదు. ఎందుకు? కాగితం మీద కెనడా సెనేట్ బలహీనమైన సభ కాదు. డబ్బు బిల్లులు అక్కడ పుట్టకూడదన్న నియమం తప్పిస్తే, ఏ బిల్లునైనా ఓడించగలదు. 1990లో జీఎస్టీని అడ్డగించబోతే, మల్రూనీ ఎప్పుడూ వాడని రాజ్యాంగ నిబంధన ఒకటి వెతికి తీసి, రాణి అనుమతితో ఎనిమిది మంది సెనేటర్లను అదనంగా కూర్చోబెట్టి గట్టెక్కాల్సి వచ్చింది. 1991లో గర్భస్రావాల బిల్లు 43-43 ఓట్లతో అక్కడే ఆగిపోయింది. ఇలాంటివి అరుదుగా జరగడానికి కారణం చట్టం కాదు, సిగ్గు. జనం ఓటేయని మనం జనం ఓటేసిన సభను ఎంతవరకు కాదనగలం అన్న బెరుకే ఆ సభకు పగ్గం. అందరూ ఎన్నికైన సెనేట్ వచ్చిన రోజున ఆ పగ్గం తెగుతుంది. అప్పుడు కొత్తగా బలం వచ్చేది న్యూబ్రన్స్‌విక్ పదికి, క్యుబెక్ 24కు. అల్బర్టా ఆరు ఆరుగానే ఉంటాయి. మూడు కోరికల్లో రెండోది వదిలేసి మొదటిది సాధిస్తే, తన మీద పెత్తనం చేసేవారికి తానే కత్తి నూరి ఇచ్చినట్టవుతుంది.

నియమితులైతే కేంద్రం చెప్పుచేతల్లోనే ఉంటారనుకోవడం కూడా పూర్తిగా నిజం కాదు. పత్రికా రచయిత్రి పాలా సైమన్స్‌ను 2018లో అల్బర్టా నుంచి నియమించింది జస్టిన్ ట్రూడోయే. మరుసటేడు బ్రిటిష్ కొలంబియా ఉత్తర తీరంలో చమురు ఓడలను నిషేధించే బిల్లు సెనేట్ కమిటీకి వచ్చినప్పుడు ఆమె దానికి వ్యతిరేకంగా ఓటేసింది. ఓట్లు 6-6 కావడంతో బిల్లు కమిటీలో ఓడింది. చివరికి పూర్తి సభ దాన్ని గట్టెక్కించిన మాట నిజమే. అయినా తనను నియమించిన ప్రధాని బిల్లుకు తన రాష్ట్రం కోసం అడ్డం నిలిచిన మనిషిని 'ఒట్టావా తొత్తు' అనడం కష్టం. డెబ్బై ఐదేళ్ళదాకా ఎవరి దయా అక్కర్లేని కుర్చీకి ఉన్న ఒకే ఒక్క సుగుణం బహుశా ఇదే.

ఎన్నిక ఉంటే ప్రతినిధి మనవాడే అవుతాడన్న భ్రమ మన దగ్గరా ఉండేది. రాజ్యసభకు మన ఎమ్మెల్యేలే ఓటేస్తారు. కానీ పోటీచేసే రాష్ట్రంలోనే ఓటరై ఉండాలన్న షరతును 2003లో ఎత్తేశారు, 2006లో సుప్రీంకోర్టు సరేనంది. అలా మహారాష్ట్ర నాయకుడు సురేశ్ ప్రభు 2016లో ఆంధ్రప్రదేశ్ సభ్యుడయ్యారు. 2024 ఫిబ్రవరిలో హిమాచల్‌ప్రదేశ్‌లో ఓట్లు సమానమై చీటీలో ఓడిన అభిషేక్ మను సింఘ్వి, ఆగస్టుకల్లా తెలంగాణ నుంచి పోటీ లేకుండా గెలిచారు. అంతకుముందు సభ్యుడు కేశవరావు రాజీనామాతో ఖాళీ అయిన సీటు అది. ఇద్దరి సామర్థ్యాన్నీ నేను శంకించడం లేదు. పేరు ఖరారు చేసింది ఢిల్లీ, ఓటేసింది మనవాళ్ళు. ఒట్టావా కనీసం ఓటు వేడుక పెట్టకుండా పేరు ప్రకటిస్తుంది.

మరి అల్బర్టా చేయాల్సిందేమిటి? ఎన్నికల కంటే ముందు సీట్ల లెక్క మీద పోరాడాలి. అది కొండను ఢీకొట్టడమేనని నాకూ తెలుసు. సెనేటర్ల ఎంపిక పద్ధతి మార్చాలంటే కనీసం ఏడు రాష్ట్రాలు, అవీ దేశ జనాభాలో సగానికి తగ్గకుండా, ఒప్పుకోవాలని 2014లో సుప్రీంకోర్టు తేల్చింది. ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లన్నది మార్చడానికీ రాజ్యాంగం పెట్టిన కొలత అదే. ఉన్నవి పది రాష్ట్రాలు. అట్లాంటిక్ నాలుగూ తల అడ్డంగా ఊపితే మిగిలేవి ఆరు. పైగా ఏ రాష్ట్రానికీ సెనేటర్ల కంటే తక్కువమంది ఎంపీలు ఉండకూడదన్న నియమం మరొకటుంది. సెనేట్‌లో ఒక్క కుర్చీ వదులుకోవడమంటే కింది సభలో తన నాలుగు ఎంపీ సీట్లను నిలబెట్టిన లెక్కనే కదిలించడమని ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపం అనుకోవచ్చు. ఎందుకు వదులుకుంటుంది?

దానికి బదులుగా ఏమిస్తావని తూర్పు రాష్ట్రాలు అడుగుతాయి. చమురు డబ్బున్న అల్బర్టా దగ్గర ఇవ్వడానికి ఏదో ఒకటి ఉండకపోదు. ఆ బేరం ఇంతవరకూ తెగలేదు.